80ల్లో యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్ కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

మా అమ్మాయి డాలస్ వైపు ఒక యూనివర్సిటీలో చదువుకుంటూ ఐటీ హెల్ప్‌డెస్క్‌లో పార్ట్‌టైమ్ చేస్తోంది. ఎవరికైనా ఏదైనా ఆగిపోతే టికెట్ వేస్తారు. తను హాస్టల్ గదిలో కూర్చునే వాళ్ల స్క్రీన్‌లోకి దూరి సరిచేసేస్తుంది. మొన్న ఫోన్లో అడిగింది: "నాన్నా, ఇంటర్నెట్ లేదు, గూగుల్ లేదు, పీసీలు అప్పుడే కొత్తగా వచ్చాయి. ఆ రోజుల్లో క్యాంపస్‌లో జనం ఇరుక్కుపోతే ఎవర్ని అడిగేవాళ్లు?" అని.

నేను సివిల్ ఇంజనీర్ని. కంప్యూటర్ ముట్టుకున్నదే 1995 తర్వాత. అందుకే ఇక్కడ అడుగుతున్నా. 1980 నుంచి 90 దాకా, అమెరికాలో అయినా మన దగ్గరైనా, ఆ కౌంటర్‌కి ఇటో అటో ఉన్నవాళ్లు కాస్త రాయండి. "అప్పట్లో మెమరీ 64కే ఉండేది తెలుసా" లాంటివి వద్దు, అవి యూట్యూబ్ నిండా ఉన్నాయి. మనుషులు ఏం అడిగేవాళ్లు, మీరేం చెప్పేవాళ్లు, అది కావాలి.

మిడ్‌వెస్ట్ మూర్తి

నేనున్నాను. కౌంటర్‌కి లోపలివైపే.

1984 ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చాను, మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీకి. మొదట్లో అసిస్టెంట్‌షిప్ దొరకలేదు. "కంప్యూటర్ సెంటర్లో కన్సల్టెంట్ పని ఉంది, ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామింగ్ భాష వస్తే తీసుకుంటారు" అని సీనియర్ ఒకాయన చెబితే వెళ్లి చేరిపోయాను. కన్సల్టెంట్ అనగానే సూటూ బూటూ ఊహించుకోకండి. గంటకి 3 డాలర్ల 35 సెంట్లు, అప్పటి ఫెడరల్ కనీస వేతనం. వారానికి 20 గంటలు దాటకూడదు.

అప్పటికి సెంటర్ అంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేమే, క్యాంపస్ అంతా పంచుకునే పెద్ద కంప్యూటర్. జనం ప్రింటవుట్ మడతలు చంకలో పెట్టుకొని వచ్చి కౌంటర్ మీద పరిచేవాళ్లు. చాలావరకు జేసీఎల్ తిప్పలే, అంటే ఏ జాబ్ ఎలా నడపాలో మెయిన్‌ఫ్రేమ్‌కి చెప్పే ఆదేశాల లైన్లు. అందులో అక్కర్లేని చోట ఒక్క ఖాళీ పడిందంటే, ఆ లైన్లో దాని తర్వాత రాసిందంతా వ్యాఖ్య కింద జమ, మెషిన్ పట్టించుకోదు. ప్రోగ్రాం బంగారంలా ఉన్నా జాబ్ నడవదు. మేం ఎర్ర పెన్నుతో ఆ ఖాళీ చుట్టూ సున్నా చుట్టి ఇచ్చేసేవాళ్లం. అయిపోయింది, నెక్స్ట్.

తర్వాతి ఏడాది పక్క గదిలో పీసీ ల్యాబ్ తెరిచారు. అప్పుడు అర్థమైంది అసలు మార్పు ఎక్కడ వచ్చిందో. మెయిన్‌ఫ్రేమ్ మీద యూజర్ ఎంత వెధవ పని చేసినా ఫైల్ శాశ్వతంగా పోయేది కాదు. రాత్రిపూట ఆపరేటర్ టేపుల మీద బ్యాకప్ తీసేవాడు. మొన్నటి ఫైల్ కావాలంటే ఒక ఫారం నింపితే తెచ్చిపెట్టేవాళ్లు. పీసీ వచ్చాక ఆ ఆపరేటర్ లేడు. ఫైల్ ఉన్నది విద్యార్థి జేబులో ఉన్న ఫ్లాపీలో. ఆపరేటర్ చేసే పనంతా ఇప్పుడు తన నెత్తినే పడిందని ఆ విద్యార్థికి ఎవరూ చెప్పలేదు. "మొన్నటి వెర్షన్ తెచ్చిపెట్టండి" అని పీసీ ల్యాబ్‌లోకొచ్చి ఫారం అడిగిన ప్రొఫెసర్లు ఉన్నారు. ఆయన తప్పేముంది? ఇరవై ఏళ్లుగా అలాగే జరిగింది మరి.

మాకు పెట్టిన మొదటి రూలు: వాళ్ల కీబోర్డ్ ముట్టుకోవద్దు. నోటితో చెప్పు, వాళ్ల చేతే కొట్టించు.

చిక్కడపల్లి కుర్రాడు

కీబోర్డ్ ముట్టుకోకూడదా? అదేం రూలు సార్. నేను సపోర్ట్‌లోనే ఉన్నా. క్యూలో పదిమంది ఉంటే "ఎఫ్7 నొక్కండి, కాదండీ, పై వరుసలో, ఇంకా కుడికి" అంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అరనిమిషంలో మనమే చేసిచ్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా.

రమ, పెన్సిల్వేనియా

చిక్కడపల్లి బాబూ, నువ్వు అరనిమిషంలో చేసిచ్చినవాడు గంటలో మళ్లీ అదే ప్రశ్నతో వస్తాడు, ఇంకో ఇద్దరిని వెంటేసుకొని. మా ల్యాబ్‌లో నేను ఆ రూలు ఎప్పుడూ తప్పలేదు. చీర కట్టుకొని, చేతులు కట్టుకొని వెనక నిలబడి చెబుతుంటే మొదట్లో "ఈవిడకి వచ్చా రాదా" అని అనుమానంగా చూసేవాళ్లు. అది వేరే కథ.

మూర్తి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మెయిన్‌ఫ్రేమ్ రోజుల్లో మా దగ్గరకు వచ్చేవాళ్లు కంప్యూటర్ నేర్చుకోవాలనుకున్నవాళ్లు. పీసీ వచ్చాక వచ్చినవాళ్లకి కంప్యూటర్‌తో పనిలేదు, వాళ్లకి కావాల్సింది టర్మ్ పేపర్ టైపు చేసుకోవడం. చరిత్ర, నర్సింగ్, సంగీతం. వాళ్లకి డైరెక్టరీ (ఇప్పటి ఫోల్డర్) అంటే ఏంటో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మాకు శిక్షణ ఇచ్చింది కంపైలర్ (ప్రోగ్రాంని మెషిన్ భాషలోకి మార్చేది) ఎర్రర్లు చదవడానికి. వచ్చే ప్రశ్న "నేను రాసింది స్క్రీన్ పైకి వెళ్లిపోయింది, ఎక్కడికి పోయింది?"

సగం బైటు

ఈ సందర్భంలో ఒక మెషిన్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు పంపే కెర్మిట్ గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది.

కొలంబియా యూనివర్సిటీ, న్యూయార్క్, 1981. వాళ్ల దగ్గర డెక్-20 అనే పెద్ద మెషిన్లు ఉన్నాయి, విద్యార్థులు ఎక్కువ, డిస్క్ తక్కువ. సెమిస్టర్ మధ్యలో అందరి ఫైళ్లూ ఉంచడానికి జాగా చాలదు. ఎవరి ఫైళ్లు వాళ్లు ఫ్లాపీలోకి దించుకొని దాచుకుంటే పోలా అనుకున్నారు. దానికి మైక్రో కంప్యూటర్ (బల్ల మీద పెట్టుకునే చిన్న కంప్యూటర్) ఒకటి పెట్టి, సీరియల్ తీగ మీద ఫైల్ పంపాలి. ఫ్రాంక్ డా క్రూజ్, బిల్ కాచింగ్స్ అని కంప్యూటర్ సెంటర్ వాళ్లే కూర్చొని ఒక ప్రోటోకాల్ (రెండు మెషిన్లు మాట్లాడుకునే పద్ధతి) రాశారు. టీవీలో వచ్చే కప్ప బొమ్మ పేరు పెట్టారు.

దాని అందం ఎక్కడుందంటే, అది ఎవర్నీ నమ్మదు. అప్పటి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ముందుండే డబ్బా కంట్రోల్ క్యారెక్టర్లు (తెరమీద కనిపించని ఆదేశ గుర్తులు) మింగేసేది. కొన్ని లైన్లు ఒక్కో అక్షరానికి ఉండే 8 బిట్లలో 8వ బిట్‌ని వదిలేసేవి. అందుకని కెర్మిట్ అన్నిటినీ మామూలుగా ప్రింటయ్యే అక్షరాల కిందకి మార్చి, చిన్న చిన్న ప్యాకెట్లు కట్టి, ఒక్కోదానికి చెక్‌సమ్ (తప్పు పట్టుకునే లెక్క) వేసి, అవతలి నుంచి అందింది అనే జవాబు వచ్చాకే తర్వాతది పంపుతుంది. మొదటి రూపంలో ప్యాకెట్ వంద అక్షరాలకి లోపే. నత్తనడక. కానీ చేరుతుంది.

అడిగినవాళ్లందరికీ సోర్స్‌తో సహా టేపుల మీద పంపించారు. దాంతో ప్రపంచంలో ఏ మెషిన్ ఉన్న కాలేజీ ఆ మెషిన్‌కి కెర్మిట్ రాసుకుంది. 1984లో బైట్ పత్రికలో వాళ్లు రాసిన వ్యాసం వచ్చాక ఇక చెప్పక్కర్లేదు. హెల్ప్‌డెస్క్‌లో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. ఒక కంపెనీ లాభం కోసం రాసి ఉంటే రెండు మెషిన్లకే పనిచేసేది, రాసిపెట్టుకోండి.

కాజీపేట జంక్షన్

అమెరికా ముచ్చట బాగుంది గానీ, మన దగ్గర సంగతి కూడా వినుండ్రి. 86లో తెలంగాణలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన. కంప్యూటర్ సెంటర్ అంటే గుడి. బయట చెప్పులు విప్పాలె. అద్దాల తలుపు, లోపల ఏసీ, ఆ ఏసీ కాలేజీ మొత్తానికి ప్రిన్సిపాల్ గదిలో ఒకటి, ఇక్కడొకటి. వారానికి ఒక గంట స్లాట్, అది కూడా ఇద్దరికి ఒక మెషిన్. రిజిస్టర్లో టైం రాసి సంతకం పెడితే ల్యాబ్ అసిస్టెంట్ బీరువా తీసి ఫ్లాపీ ఇచ్చేటోడు. మళ్లీ లెక్కపెట్టి తీసుకునేటోడు. మన సొంత ఫ్లాపీ లోపలికి తేనిచ్చేటోళ్లు కాదు.

అది సపోర్ట్ కాదు అన్నా, కాపలా. ఏదన్నా అడిగితే "మాన్యువల్ చూసుకో" అనేటోళ్లు. మాన్యువల్ యాడుంది? అది కూడా బీరువాలనే.

కరెంట్ పోతే ఇంక ఆ వారం స్లాట్ గంగలో కలిసినట్టే.

విశ్రాంత సిస్టమ్స్ మేనేజర్

కాజీపేట తమ్ముడికి నమస్కారం. నేను అదే కాలంలో కోస్తాలో ఒక యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో ఉన్నాను. మీరు చెప్పిన చెప్పులు, బీరువా, రిజిస్టర్ అన్నీ నిజమే. కాదనను. కానీ అవతలివైపు నుంచి కూడా చూడండి.

1984 నవంబర్‌లో కొత్త కంప్యూటర్ విధానం వచ్చి దిగుమతులు కాస్త సులువయ్యేదాకా మెషిన్ సంపాదించడమే మహాయజ్ఞం. అంతకుముందు కార్డుల కాలం. మద్రాస్ ఐఐటీలో 1973లో జర్మనీ సాయంతో ఐబీఎం 370 పెట్టాక, ఆ కార్డు కట్టలకి రబ్బరు బ్యాండు వేసి కౌంటర్లో ఇచ్చి, మర్నాడు అవుట్‌పుట్ తీసుకొని, ఒక అక్షరం తప్పని తేలితే మళ్లీ పంచ్ చేసుకున్న తరం మాది. అలాంటి చోటి నుంచి వచ్చినవాడికి ఒక డిపార్ట్‌మెంట్ చేతిలో పీసీ ఎక్స్‌టీలు రెండు మూడు పెడితే ప్రాణంలా చూసుకోడా? హార్డ్ డిస్క్ పోతే ఇంజనీర్ హైదరాబాద్ నుంచి రావాలి, పార్ట్ ఇంకెక్కడి నుంచో రావాలి, ఆ బిల్లుకి ఆడిట్ వాళ్లు సవాలక్ష ప్రశ్నలు. దుమ్ముకి ఫ్లాపీ డ్రైవ్ హెడ్లు పాడయ్యేవి, అది చెప్పుల కారణం. వోల్టేజ్ ఎగుడుదిగుళ్లకి పవర్ సప్లైలు పోయేవి, అది స్టెబిలైజర్ ముట్టుకోనివ్వకపోవడానికి కారణం.

మాన్యువల్ బీరువాలో పెట్టడం మాత్రం సమర్థించను. అది మా దగ్గరా ఉండేది. జిరాక్స్ తీయించి ఒకటి బల్ల మీద పడెయ్యడానికి ఏం రోగం? "అందరికీ తెలిసిపోతే మనల్నెవరు అడుగుతారు" అనే బుద్ధి కొందరికి ఉండేది. పోనివ్వండి.

నేను కౌంటర్‌లో ఎక్కువసార్లు విప్పిన ముడి ఒకటి చెబుతాను. కుర్రాడు వర్డ్‌స్టార్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాం టైపు చేసుకొస్తాడు. స్క్రీన్ మీద చూస్తే ప్రతి అక్షరం సరిగ్గానే ఉంటుంది. కంపైల్ చేస్తే వంద ఎర్రర్లు. అక్షరం అక్షరం పోల్చి చూసుకొని ఏడుపు మొహం పెట్టుకొని వస్తాడు. నేను ప్రోగ్రాం చూసేవాడిని కాదు. "వర్డ్‌స్టార్‌లో డి నొక్కి తెరిచావా, ఎన్ నొక్కి తెరిచావా?" అని అడిగేవాడిని. ఎన్ అంటే నాన్-డాక్యుమెంట్, ఉత్త అక్షరాలే. డి అంటే డాక్యుమెంట్ మోడ్. అందులో వర్డ్‌స్టార్ తన సౌకర్యం కోసం చాలా పదాల చివరి అక్షరానికి 8వ బిట్ పెట్టేస్తుంది, పేరా సర్దుకోవడానికి. వర్డ్‌స్టార్ లోపల అది కనిపించదు. పీసీని నడిపే డాస్‌లోకొచ్చి, ఫైల్‌ని తెరమీద చూపించే టైప్ కమాండ్ కొడితే పదాల చివర గ్రీకు అక్షరాలు, గీతలు, పిచ్చి పిచ్చి గుర్తులు. కంపైలర్‌కి కనిపించేది అదే. డాస్‌కి ముందరి సీపీ/ఎం మెషిన్ల మీదైతే ఫైళ్లు కాపీ చేసే పిప్ కమాండ్‌కి జెడ్ అని తగిలిస్తే ఆ బిట్ కొట్టేసేది. డాస్‌లో అలాంటిది లేక మేమే పది లైన్ల బేసిక్ ప్రోగ్రాం ఒకటి రాసి పెట్టుకున్నాం. ఫైలు ఇస్తే తోమి ఇచ్చేది.

కాజీపేట జంక్షన్

సార్!! ఆ డి, ఎన్ సంగతి మాకు మూడో సంవత్సరంలో తెలిసింది. అది కూడా సీనియర్ చెబితే. రెండేళ్లు "మెషిన్ ఖరాబైంది" అనుకున్నం. మీ అసొంటి సార్ మా దగ్గర ఉంటే బాగుండు.

సీనియర్లే మాకు హెల్ప్‌డెస్క్. హాస్టల్ మెస్‌ల ఇడ్లీ తినుకుంట డాస్ కమాండ్లు నేర్చుకున్నం. కాగితం మీద.

చిక్కడపల్లి కుర్రాడు

ఫ్లాపీని జిరాక్స్ తీసుకొచ్చాడు, ఫ్రిజ్‌కి మాగ్నెట్‌తో అంటించాడు అని చెబుతారే, అవి నిజంగా చూశారా ఎవరైనా?

మిడ్‌వెస్ట్ మూర్తి

జిరాక్స్ కథ ప్రతి క్యాంపస్‌లోనూ ఉంది, చూసినవాడు మాత్రం ఎప్పుడూ పక్క క్యాంపస్‌లోనే ఉంటాడు. నేను చూడలేదు. స్టేపిల్ కొట్టిన ఫ్లాపీ మాత్రం కళ్లారా చూశాను. అసైన్‌మెంట్ కాగితాలకి జత చేసి ఇమ్మన్నారట, జత చేశాడు. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు అప్పుడూ అర్థం కాలేదు. మెత్తగా అట్టలా ఉండే 5.25 అంగుళాల ఫ్లాపీ అది. స్టేపిల్ కొట్టకూడదని దాని మీద ఎక్కడ రాసుంది?

అసలు కథలు వేరే ఉంటాయి. సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నావిడ ఒకరోజు సాయంత్రం వచ్చారు. థీసిస్ చాప్టర్ ఉన్న ఫ్లాపీలో ఖాళీ చేద్దామని డెల్ కొట్టి నక్షత్రం చుక్క నక్షత్రం అన్నారు, అంటే అన్ని ఫైళ్లూ తీసేయమని. "ఖచ్చితంగానా?" అని డాస్ అడిగితే వై అన్నారు. మనిషి వణుకుతోంది. నేను ముందు అన్నమాట: "ఫ్లాపీ బయటికి తీయండి. దాని మీద ఇంకేమీ సేవ్ చేయకండి." ఎందుకంటే డాస్ ఫైల్ తీసేయడం అంటే నిజంగా తుడిచేయడం కాదు. డైరెక్టరీలో ఆ ఫైల్ పేరు మొదటి అక్షరం తీసి ఒక గుర్తు పెడుతుంది, ఫైల్ ఏయే ముక్కల్లో ఉందో చెప్పే పట్టికని ఖాళీ అంటుంది. రాత మాత్రం అక్కడే ఉంటుంది, ఇంకోటి వచ్చి దాని మీద కూర్చునేదాకా.

మా సెంటర్‌లో పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే నార్టన్ యుటిలిటీస్ డిస్క్ ఒకటుండేది, సూపర్‌వైజర్ సొరుగులో. దాన్ని పెట్టి అన్‌ఎరేజ్ నడిపితే పేర్లన్నీ వస్తాయి, ఒక్కోదానికీ మొదటి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం. అది మనల్నే అడుగుతుంది, మొదటి అక్షరం ఏంటని. నేను ఆవిణ్ణి అడిగాను. ఆవిడకి గుర్తులేదు! "హాప్టర్3" అని కనిపిస్తోంది ఎదురుగా, అయినా టెన్షన్‌లో తట్టలేదు పాపం. సి అని కొట్టించాను. ఆవిడ చేతే కొట్టించాను, రూలు రూలే. ఫైల్ వరుసగా ఒకేచోట ఉంది కాబట్టి మొత్తం వచ్చేసింది. ముక్కలై ఉంటే అంత సులువు కాదు.

ఇక రూలు సంగతి. థీసిస్ గడువు ముందు రాత్రులు మేం కూడా కీబోర్డ్ లాక్కున్నాం. గ్రాడ్యుయేట్ ఆఫీసులో మార్జిన్ స్కేలుతో కొలిచేవాళ్లు, ఫుట్‌నోట్ కాస్త కిందకి జారితే వెనక్కి. అప్పుడు పాఠాలు చెప్పే టైముండదు. చిక్కడపల్లి గారికి ఆ మేరకు ఒప్పుకుంటాను, రమ గారు ఒప్పుకోరు.

రమ, పెన్సిల్వేనియా

ఒప్పుకోను. :)

వైరస్‌ల గురించి ఎవరూ రాయలేదేం? మా రాష్ట్రంలోనే జరిగింది. 1987 నవంబర్, బెత్లహేంలో ఉన్న లీహై యూనివర్సిటీ. కనిపెట్టింది ఎవరో తెలుసా? మాలాంటి స్టూడెంట్ కన్సల్టెంట్లే.

అప్పటి ల్యాబ్ పద్ధతి తెలిస్తేనే ఇది అర్థమవుతుంది. చాలా క్యాంపస్‌లలో మెషిన్లకి హార్డ్ డిస్క్ ఉండేది కాదు. కౌంటర్లో ఐడీ కార్డు పెట్టి ఫ్లాపీ తీసుకొని, దాంతో మెషిన్ లేపి, పని చేసుకొని తిరిగి ఇచ్చేవాళ్లు. అదే ఫ్లాపీ సాయంత్రంలోగా ఎంతమంది చేతులు మారేదో. లీహైలో బయటపడ్డ ఆ వైరస్ డాస్ లేవడానికి కావాల్సిన కమాండ్ డాట్ కామ్ అనే ఒక్క ఫైల్‌నే పట్టేది. దాని లోపల ఖాళీగా ఉండే చోట దూరేది కాబట్టి ఫైల్ సైజు మారదు. నాలుగు డిస్కులకి అంటించాక చేతిలో ఉన్న డిస్క్ మొదటి భాగాన్ని తుడిచేస్తుంది, ఇక ఆ ఫ్లాపీ చదవదు. ఫ్లాపీలు పాడవడం మామూలే కదా, ఎవరికి అనుమానం వస్తుంది? కానీ ఫైల్ సైజు అలాగే ఉన్నా తేదీ మాత్రం మారిపోయేది. కమాండ్ డాట్ కామ్ తేదీ మారడానికి కారణమే లేదు. అక్కడ దొరికిపోయింది.

ఆ సెంటర్‌లో పనిచేసిన కెన్ వాన్ విక్ వెంటనే మిగతా యూనివర్సిటీలకి కబురు పంపారు, తర్వాత 1988లో వైరస్-ఎల్ అనే మెయిలింగ్ లిస్టు పెట్టారు. లీహై కన్నా నెల ముందే, 1987 అక్టోబర్‌లో, డెలావేర్ యూనివర్సిటీలో లాహోర్ అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ వైరస్ బయటపడింది. జెరూసలేంలో హీబ్రూ యూనివర్సిటీలో శుక్రవారం 13వ తేదీ వైరస్ కూడా ఆ అక్టోబర్‌లోనే. మూడూ క్యాంపస్‌లే, చూడండి. ఫ్లాపీలు అంతగా చేతులు మారే చోటు ఇంకేముంది?

ఆ శీతాకాలం మా కౌంటర్‌లో మేం చేసిన పనల్లా నల్ల స్టిక్కర్లు అంటించడం. 5.25 ఫ్లాపీ పక్కన ఒక గాడి ఉంటుంది, దాన్ని స్టిక్కర్‌తో మూసేస్తే ఎవరూ దాని మీద రాయలేరు. యాంటీవైరస్‌లూ అవీ తర్వాత సంగతి. వేళ్లకి జిగురు అంటుకొని అన్నం కలుపుకోవాలంటే చిరాకొచ్చేది.

బోస్టన్ బుల్లెబ్బాయి

కృష్ణాతీరం గారూ, టికెట్ సిస్టమ్ అప్పట్లో లేదు అనుకోకండి. ఎంఐటీలో ప్రాజెక్ట్ అథీనా అని 1983లో డెక్, ఐబీఎం కంపెనీలతో కలిసి మొదలుపెట్టారు, 91 దాకా నడిచింది. ఎక్స్ విండో (తెరమీద కిటికీలు చూపించేది), కెర్బెరోస్ (లాగిన్ భద్రత చూసేది) అందులోంచి వచ్చినవే, అవి అందరికీ తెలుసు. ఓఎల్‌సీ సంగతి ఎవరూ చెప్పరు. ఆన్‌లైన్ కన్సల్టింగ్. వర్క్‌స్టేషన్ మీద ఓఎల్‌సీ అని కొట్టి ప్రశ్న టైపు చేస్తే అది క్యూలో పడుతుంది. ఇంకో చోట కూర్చున్న కన్సల్టెంట్ దాన్ని అందుకొని జవాబిస్తాడు. ఎవరూ లేకపోతే జవాబు మెయిల్‌లో వస్తుంది. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకి రెడీమేడ్ జవాబుల కట్ట ఒకటి ఉండేది, దాన్ని యూజర్లూ చదువుకోవచ్చు. మీ అమ్మాయి చేసేదంతా దాదాపు అదే, రంగులు తక్కువ.

అవి మైక్రోలు కాదు, వర్క్‌స్టేషన్లు, డబ్బున్న మారాజుల వ్యవహారం. మిగతావాళ్లు పీసీల దారి పట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలో క్లార్క్‌సన్ 1983లో కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ జెనిత్ మెషిన్ ఇచ్చింది. ఫిలడెల్ఫియాలో డ్రెక్సెల్ అయితే విద్యార్థులందరి దగ్గరా మైక్రో ఉండి తీరాలని మాకింటాష్‌ని ఎంచుకుంది. 1984లో బయట 2,495 డాలర్లు, క్యాంపస్‌లో వెయ్యి చుట్టూ. ఒక్కసారిగా ప్రతి హాస్టల్ గదీ మీ ల్యాబే అయిపోతుంది, సపోర్ట్ చేసేవాళ్ల సంఖ్య మాత్రం అంతే. ఆలోచించండి.

ఆ మొదటి మాక్‌తో నా స్నేహితుడి అవస్థ చూశాను. 128కే మెమరీ, ఒకే డ్రైవ్. ఒక డిస్క్ నుంచి ఇంకోదానికి కాపీ చేయాలంటే అది పెట్టు, ఇది పెట్టు అంటూ పదే పదే కక్కేది. బయటికి తీయడానికి బటన్ కూడా ఉండదు. ఇరుక్కుపోతే పక్కన సన్న కన్నంలో పేపర్ క్లిప్ సాగదీసి పొడవాలి. ప్రతి కన్సల్టెంట్ జేబులో ఒక క్లిప్ ఉండేది.

చిక్కడపల్లి కుర్రాడు

ఇదంతా చదువుతుంటే ఒకటే అనిపిస్తోంది. అప్పటి పీసీలు యూజర్ మీద పగబట్టి తయారు చేసినట్టున్నాయి. పాత డాస్‌లో డ్రైవ్ పేరు చెప్పకుండా ఫార్మాట్ అని కొడితే ఉన్న డ్రైవ్‌నే ఫార్మాట్ చేసి అంతా తుడిచేసేదట, నిజమా? ఇలాంటివి పెట్టి, తర్వాత కౌంటర్లో మనిషిని కూర్చోబెట్టి ఓపికగా మాట్లాడించడం కన్నా, ఆ సాఫ్ట్‌వేర్ సరిగ్గా రాసి ఉంటే సరిపోయేది కదా. మీరంతా గొప్పగా చెప్పుకుంటున్నది వేరేవాళ్ల చెత్త ఊడ్చిన కథ.

సగం బైటు

నిజమే. ఆ ఫార్మాట్ సంగతీ నిజమే, తర్వాతి వెర్షన్లలో డ్రైవ్ పేరు ఇవ్వాల్సిందే అని మార్చారు. ఊడ్చామనీ ఒప్పుకుంటా. కానీ చెత్త ఎక్కడుందో కంపెనీలకి చెప్పింది కూడా ఊడ్చినవాళ్లే. డాక్యుమెంటేషన్ అనేది క్యాంపస్‌లలో కన్సల్టెంట్లు రాసుకున్న ఒక పేజీ కాగితాల మీద బతికింది. ఫ్లాపీ ఎలా ఫార్మాట్ చేయాలి, ఒక పేజీ. కెర్మిట్‌తో ఫైల్ ఎలా తేవాలి, ఒక పేజీ. గోడకి ట్రేలు పెట్టి వాటిలో పడేసేవాళ్లు. కంపెనీ మాన్యువల్ నాలుగొందల పేజీలు, ఎవడు చదువుతాడు?

తెలుగు వాళ్ల ముచ్చట కూడా ఇక్కడే ఒకటి. 1990ల మొదట్లో రైస్ యూనివర్సిటీలో మన విద్యార్థులు ఇంగ్లిష్ కీబోర్డ్‌తో తెలుగు రాసే ఆర్ఐటీ పద్ధతి తయారు చేశారు. యూజ్‌నెట్ అనే అప్పటి ఆన్‌లైన్ చర్చావేదికలో తెలుగు గ్రూపు నిండా ఆ రాతే. ఎవరూ ప్రాజెక్ట్ ఇవ్వలేదు, గ్రాంటు లేదు. క్యాంపస్ మెషిన్ మీద రాత్రిపూట టైముండటమే దానికి పెట్టుబడి.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. అమ్మాయికి లింక్ పంపాను. నార్టన్ కథ చదివి "మేం కూడా ముందు 'ఇంకేమీ సేవ్ చేయొద్దు' అనే చెబుతాం" అంది. కీబోర్డ్ విషయంలో చిక్కడపల్లి గారి పార్టీ.

కొత్త సభ్యుడు, గుంటూరు

నమస్కారం అండీ. చర్చ చదివి సభ్యత్వం తీసుకున్నాను. మా నాన్నగారు 1989లో ఎంఫిల్ చేశారు. ఆయన థీసిస్ వర్డ్‌స్టార్‌లో ఉందట, రెండు 5.25 ఫ్లాపీలు అట్టపెట్టెలో దొరికాయి. లేబుల్ మీద 360కే అని ఉంది. కొంచెం బూజు కనిపిస్తోంది. అవి చదవడం కుదురుతుందా? ఇక్కడ కంప్యూటర్ షాపుల్లో అడిగితే నవ్వుతున్నారు.

విశ్రాంత సిస్టమ్స్ మేనేజర్

నవ్వనివ్వండి బాబూ. కుదరొచ్చు.

ముందు ఆ బూజుతో ఏ డ్రైవ్‌లోనూ పెట్టకండి. హెడ్‌కి అంటుకుంటే డ్రైవూ పోతుంది, ఫ్లాపీ మీద గీతా పడుతుంది. కుడిపక్కన గాడి ఉంటుంది, రమ గారు చెప్పినట్టు దాన్ని ముందు స్టిక్కర్‌తో మూసేయండి. ఎవరో "నా దగ్గర పాత 1.2 ఎంబీ డ్రైవ్ ఉంది" అంటారు. చదవడానికి ఫర్వాలేదు, రాయడానికి మాత్రం వద్దు. దాని హెడ్ సన్నం, 360కే ఫ్లాపీ మీద రాస్తే పాత డ్రైవ్‌లు సరిగ్గా చదవలేవు.

సగం బైటు

డ్రైవ్‌ని నేరుగా ఇప్పటి మెషిన్‌కి తగిలించడం కుదరదు. గ్రీజ్‌వీజిల్ అని చిన్న బోర్డు ఉంది, యూఎస్‌బీకి పెట్టుకోవచ్చు. ఫ్లాపీ మీద ఉన్న సిగ్నల్‌నే యథాతథంగా ఇమేజ్ చేసి పెడుతుంది, తర్వాత తీరిగ్గా విప్పుకోవచ్చు. నా దగ్గర ఒకటి ఉంది, పనిచేసే 5.25 డ్రైవ్ కూడా. సంక్రాంతికి విజయవాడ వస్తున్నాను. ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.

ఫైల్ చేతికొచ్చాక పదాల చివర పిచ్చి గుర్తులు కనిపిస్తే కంగారు పడకండి. మాస్టారు పైన చెప్పిన 8వ బిట్టే అది.

విశ్రాంత సిస్టమ్స్ మేనేజర్

ఆ బేసిక్ ప్రోగ్రాం కాగితం మీద ఇంకా ఉండాలి నా దగ్గర. వెతికి రేపు పెడతాను. థీసిస్ దేని మీద?

కొత్త సభ్యుడు, గుంటూరు

మిర్చి మార్కెట్ ధరల మీద అండీ. మెసేజ్ పెట్టాను.